అరుగు మీద కత్తెర

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకుంది. ఆవిడ పోయి కర్మలన్నీ అయిపోయాయి, వాళ్లింటికి వెళ్లి పలకరించి రావడం కూడా అయింది, అయినా పొద్దున్నే స్టేషనుకి నడుస్తూ ఆ గేటు దగ్గరికి వచ్చేసరికి పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. ఒక్క ముక్క విడమరిచి చెప్పి ఉంటే ఆవిడ సొమ్మేం పోయేది?

ఆవిడ పేరు రాయను. రాద్దామన్నా చాలాకాలం దాకా నాకు తెలియదు. మా వీధిలో అందరికీ ఆవిడ పిన్నిగారే, వాళ్లాయన బాబాయిగారే. ఏలూరు పవర్‌పేటలో, నేను రోజూ తాడేపల్లిగూడెం పాసింజరు ఎక్కడానికి వెళ్లే దారిలో, వాళ్లది పాత పెంకుటిల్లు. బాబాయిగారు పౌరోహిత్యం చేసి చేసి మోకాళ్లు సహకరించక మానుకున్నారు. ఇంటి ముందు అరుగు, అరుగు వెనక ఇనప కమ్మీల వసారా. ఆ వసారా నిండా పిన్నిగారి రంగుల మొక్కలు.

పువ్వుల మొక్క ఒక్కటి లేదు. అన్నీ ఆకుల సంబరమే. ఎర్రటి అంచుల అగ్లోనిమాలు, గులాబీ మచ్చల చామ, వంకాయ రంగు కోలియస్, రకరకాల క్రోటన్లు. ఈ పేర్లు నావి. ఆవిడ వాటిని వేరే పేర్లతో పిలిచేవారు. ఒకటి పెళ్లికూతురు, ఒకటి పట్టుచీర, కాస్త చల్లగాలి తగిలితే అంచులు ముడుచుకునేది అలకమొహంది. బాబాయిగారి చిరిగిన పంచెల్ని చదరాలుగా కత్తిరించుకుని, తడిపి పిండి, ఒక్కొక్క ఆకునీ అరచేతిలో పెట్టుకుని పసిపిల్లకి మొహం తుడిచినట్టు తుడిచేవారు. కిందివైపు కూడా. "బూజంతా అడుగునే పడుతుందమ్మా. పైకి నవ్వుతూనే ఉంటుంది వెర్రిది" అనేవారు. బాగా రంగు తిరిగిన కుండీకి కాటుకతో దిష్టిచుక్క. మరీ ముద్దొస్తే నిమ్మకాయ, మిరపకాయలు.

నీళ్ల దగ్గర మాత్రం మహా పిసినారి. చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి తీసి, వేలికి మట్టి అంటితే చెంబు పక్కన పెట్టేసేవారు. ఒకసారి బాబాయిగారు పాపం సాయం చేద్దామని చెంబు పట్టుకొస్తే వీధి వీధంతా వినపడేలా కసిరారు. "అది అడిగిందాండీ మిమ్మల్ని? మనకి పొయ్యాలనిపించినప్పుడు పోస్తే అది నీళ్లు కాదు, పెత్తనం."

ఇక నా సంగతి. నాకు ఈ రంగుల ఆకుల పిచ్చి ఎలా పట్టిందో గానీ, నా చేతిలో ఒక్కటీ బతకదు. కడియం వెళ్లి నర్సరీల్లో ఏరి ఏరి తెస్తాను. మా ఫ్లాటులో వారం రోజులు రాణిలా ఉంటుంది. ఆ తర్వాత క్రోటనైతే ఒక్కొక్క ఆకూ రాల్చుకుని చీపురుపుల్లలా నిలబడుతుంది, కోలియసైతే రంగంతా పోయి తోటకూరలా తయారవుతుంది. వెలుతురు చాలదని కిటికీలో పెడితే ఎండకి మాడుతుంది. మాడిందని లోపలికి తెస్తే చోటు మార్చానని అలుగుతుంది. నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఫీజుల కోసం, బదిలీ సర్టిఫికెట్ల కోసం నా టేబుల్ చుట్టూ మూగే వందలాది పిల్లల్ని అదుపులో పెట్టగలను, ఒక్క కుండీని పెట్టలేను. ఏడుపొచ్చేది. ఏడ్చి, మళ్లీ కడియం వెళ్లేదాన్ని.

ఒక చలికాలం నా గులాబీ మచ్చల చామ ఆకులన్నీ వాల్చేసి పండుబారిపోయింది. కుండీ ఖాళీ చేసి చెత్తబండిలో వేశాను. సాయంత్రం రైలు దిగి వస్తూ ఆ దుఃఖం పిన్నిగారికి చెప్పుకున్నాను. ఆవిడ లేచి నిలబడ్డారు.

"ఏవిటీ? దుంప కూడా పారేశావా?"

"చచ్చిపోయిందండీ పిన్నిగారూ."

"చచ్చిపోలేదు తల్లీ, పడుకుంది! ఈ చామలన్నీ చలికాలం పడుకుంటాయి. కుండీ ఓ మూల పెట్టేసి ఊరుకుంటే తొలకరికి అదే లేస్తుంది. గురక ఆగిందని మనిషికి పాడె కట్టేస్తావా?"

"ముందే చెప్పొచ్చు కదండీ మరి!"

"నువ్వు అడగలేదుగా."

ఇదిగో, ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఆ వసారాలో అన్నిటికంటే నేను కన్నేసింది అరుగుని ఆనుకుని ఉన్న ఒక క్రోటన్ మీద. మెలికలు తిరిగిన పొడవాటి ఆకులు, నల్లటి ఆకుపచ్చ మీద పసుపు, ఆ పసుపు మీద నెత్తుటి ఎరుపు. అలాంటిది కడియంలో వెతికినా దొరకలేదు. ఫోనులో ఫోటో చూపిస్తే నర్సరీ వాళ్లు "ఇది పాతకాలం రకం మేడమ్, ఇప్పుడు ఎవరూ అంట్లు కట్టడం లేదు" అన్నారు. దానికి మాత్రం పిన్నిగారు వేరే పేరు పెట్టలేదు. "మా పుట్టింటిది" అనేవారంతే.

వాళ్ల పుట్టిల్లు కొల్లేరు ఒడ్డున. చుట్టూ పొలాలన్నీ చేపల చెరువులైపోయాక అన్నగారు కూడా ఇల్లూ పెరడూ కలిపి చెరువుకే ఇచ్చేసి ఆకివీడు వెళ్లిపోయారట. చెరువు తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన రోజున ఆవిడ అక్కడే ఉన్నారు. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో.

"బావి పక్కనుండేదమ్మా. మా అమ్మ పెట్టింది. మా వదిన అన్నం తినమంటోంది, అవతల పొక్లెయిన్ గుమ్మంలోకి వచ్చేసింది. చెయ్యి కడుక్కునే వంకన పెరట్లోకి పోయి, రెండు కొమ్మలు విరిచి కొంగులో చుట్టి బొడ్లో దోపుకున్నాను. పాలు కారి చీరంతా మరకలు. ఒకటి పోయింది, ఒకటి నిలబడింది. ఇప్పుడు మా అమ్మ బావి దగ్గర కొరమీనులు తిరుగుతున్నాయి."

"మీ వదినగారిని అడిగితే ఇవ్వకపోదురా అండీ?"

"ఎందుకివ్వదూ, బంగారంలాంటి మనిషి. చెట్టు చెట్టంతా పెకలించి ఇచ్చును."

"మరి అడగలేదేం?"

ఆవిడ నా మొహంలోకి చూసి, ఎంత చెప్పినా ఎక్కాలు రాని పిల్లని చూసినట్టు నిట్టూర్చారు. "కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నారు.

నేను మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని. ఎవరి పెరట్లోనైనా ఒక కరివేపాకు రెబ్బ కావాలంటే గేటు బయట నిలబడి ఏవండీ అని పిలిచి, వాళ్లు సరేనన్నాకే చెయ్యి వేయాలని మా అమ్మ నేర్పింది. అలాగే అడిగాను.

"ఏవండీ పిన్నిగారూ, మీ పుట్టింటి క్రోటన్ చిన్న కొమ్మ ఒకటి ఇప్పిస్తారా? కంటికి రెప్పలా చూసుకుంటాను."

ఆవిడ మొహం చూడాలి. శుభమా అని పెళ్లిమాటలు జరుగుతుంటే ఎవరో తుమ్మినట్టు అయిపోయింది. "చూద్దాంలేమ్మా" అని, ఒక క్షణం ఆగి, "కూర్చో, కాఫీ పెట్టుకొస్తాను" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఎన్నేళ్లు నడిచిందో ఈ తంతు. నేను అడగడం, ఆవిడ మాట మార్చడం. ఆషాఢం వెళ్లనీ అనేవారు. చిగురు ముదరనీ అనేవారు. ఒకసారైతే "దానికివాళ ఒంట్లో బాగాలేదమ్మా" అన్నారు. వెంటనే కాఫీకి లోపలికి. వెళ్తూ వెళ్తూ ఎండుటాకులు తీసే కత్తెర ఆ కుండీ పక్కనే అరుగు మీద పెట్టేవారు, పిడి నా వైపుకి. పక్కన తడిగుడ్డ ముక్క. ఒక్కోసారి ఖాళీ ప్లాస్టిక్ కవరు కూడా, ఎగిరిపోకుండా దాని మీద గులకరాయి. ఈ పెద్దావిడకి సామాను సర్దుకోవడం కూడా రాదు కాబోలు అనుకుని నేనే కత్తెర తీసి లోపలి గూట్లో పెట్టేదాన్ని, కవరు మడిచి దాని కింద పెట్టేదాన్ని.

ఇద్దరికి కాఫీ కలపడానికి అంతసేపు పట్టే ఇల్లు నేనెక్కడా చూడలేదు. లోపల గిన్నెలు మోగుతూనే ఉండేవి, కాఫీ మాత్రం వచ్చేది కాదు. అవతల నా బండికి టైమైపోతూ ఉండేది. చివరికి వచ్చేముందు గడప అవతలే నిలబడి రెండుసార్లు గట్టిగా దగ్గేవారు. బయటికొచ్చాక ముందు ఆ క్రోటన్‌ని పైనుంచి కిందిదాకా చూసేవారు. తర్వాత నా చేతులకేసి. తర్వాత నా సంచికేసి. అప్పుడు ఒక నిట్టూర్పు విడిచి గ్లాసు చేతికిచ్చేవారు. నన్ను దొంగలా చూస్తున్నారే అని నాకు ఆ కాఫీ గొంతు దిగేది కాదు.

పైగా దానికి తగ్గట్టు ఇంకొకటి. అప్పుడప్పుడూ ఆ క్రోటన్‌కి ఎవరో కొమ్మ తుంచుకుపోయేవారు. అది కనిపించగానే ఆవిడ నడివీధిలోకి వచ్చి, లోపలున్న బాబాయిగారికి వినపడాలని కాదు, ఊరందరికీ తెలియాలన్నట్టు కేకేసేవారు. "ఏవండోయ్, చూశారా! ఎవరో కొమ్మ తుంచుకుపోయారు!" మొహం మాత్రం మనవడు పుట్టాడని చెబుతున్నట్టు వెలిగిపోయేది. నేను అటుగా వెళ్తుంటే ఇంకా గట్టిగా. అంటే నన్నే అంటున్నారా ఈవిడ? అడిగి అడిగి కాళ్లరిగినదాన్ని, నన్నా?

కిందటేడు జాకెట్లు కుట్టడానికిచ్చి, తెచ్చుకుందామని మూడో సందులో దర్జీ సాయిబుగారి కొట్టుకి వెళ్లాను. అద్దాల బీరువా పక్కన పెయింటు డబ్బాలో అదే క్రోటన్. అవే మెలికలు, అదే నెత్తుటి ఎరుపు.

"ఇదెక్కడిదండీ?" అన్నాను.

ఆయన నాలిక కరుచుకుని నవ్వి, "దొరికిందండీ మేడమ్" అని మిషను తొక్కడం మొదలెట్టాడు.

జాకెట్లు కూడా తీసుకోకుండా నేరుగా పిన్నిగారింటికి నడిచాను. ఆవిడ అలకమొహందాని ఆకులు తుడుస్తున్నారు.

"సాయిబుగారికిచ్చారు. నాకివ్వలేదు."

"నేనెవరికీ ఇవ్వలేదమ్మా. మీ బాబాయిగారి మీద ఒట్టు."

"మరి రెక్కలు కట్టుకుని వెళ్లిందాండీ?"

"వెళ్లిందేమో" అని ఫక్కున నవ్వారు.

ఆ నవ్వుకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "వద్దులెండి పిన్నిగారూ. నేనే సిగ్గులేక ఇన్నాళ్లు అడిగాను. ఇంకెప్పుడూ అడగను."

ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పడేసి, ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లు మెరుస్తున్నాయి. "అదీ మాట! అడక్కు తల్లీ. ఇంకెప్పుడూ అడక్కు. కూర్చో, కాఫీ పెట్టుకొస్తాను."

ఇంత అవమానం నాకు పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. ఆవిడ లోపలికి తిరిగేసరికి నేను గేటు దాటేశాను. మర్నాటి నుంచి చుట్టైనా సరే కాలువగట్టు దారినే స్టేషనుకి వెళ్లాను. ఆకివీడు నుంచొచ్చే చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పక్కనుంచి పోతుంటే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మనసులో ఆవిణ్ణి తిట్టుకుంటూ నడిచేదాన్ని. అడగకపోతే చామ చచ్చింది. అడిగితే క్రోటన్ రాలేదు. ఈవిడతో ఎలా వేగడం?

వానలు మొదలయ్యాక ఒకరోజు పాలు పోసే ఆవిడ చెప్పింది, పిన్నిగారు పోయారని. నిద్రలోనే పోయారట.

కర్మలు పూర్తయ్యాక వెళ్లాను. బాబాయిగారు అరుగు మీద చెంబు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వసారాలో అడుగు పెట్టగానే కుళ్లు మట్టివాసన. పట్టుచీర మొదలు మెత్తబడి ఒరిగిపోయింది. పెళ్లికూతురు పసుపెక్కింది. పుట్టింటి క్రోటన్ ఆకులన్నీ రాల్చేసుకుంది, ఒకే ఒక్క కొమ్మకి చివర గుప్పెడు ఆకులు మిగిలాయి. మట్టిలో వేలు పెట్టాను, బురదలో దిగినట్టు దిగింది.

"నీళ్లు ఆపెయ్యండి బాబాయిగారూ. కుళ్లిపోతున్నాయి."

"రెండు పూటలా పోస్తున్నానమ్మా" అన్నారాయన దిగులుగా. "ఆవిడ ఉన్నన్నాళ్లూ నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ఇంకేం చెయ్యాలో తెలీక పోస్తున్నాను."

కత్తెర అరుగు మీదే ఉంది. వానజల్లుకి తుప్పు పట్టడం మొదలైంది. అలవాటు చొప్పున తీసి గూట్లో పెట్టబోయాను.

"అక్కడే ఉండనీ అమ్మా. అది నీ కోసమే. తియ్యొద్దని చెప్పింది."

"నా కోసమా?"

ఆయన చెంబు కింద పెట్టారు. "పెళ్లయిన కొత్తలో ఒకసారి వాళ్ల చెల్లెలు అడిగితే వాళ్లమ్మగారి మల్లెతీగ చేతులారా తవ్విచ్చిందమ్మా. అక్కడా బతకలేదు, ఇక్కడ మిగిలింది కూడా ఎండింది. అప్పట్నుంచి ఆవిడకదో పట్టింపు. అడిగి ఇప్పించుకున్న మొక్క బతకదు, తుంచుకుపోయిందే బతుకుతుంది. నువ్వు వచ్చినప్పుడల్లా కత్తెర అరుగు మీద పెట్టేది. లోపలికొచ్చి ఉత్త గిన్నెలు మోగించేది. బయటికి వెళ్లొచ్చి, ఇవాళ కూడా తుంచుకోలేదండీ అని కూలబడేది."

నాకు వచ్చిన మొదటి మాట కోపంగానే వచ్చింది. "ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదండీ!"

"నేనూ అదే అన్నానమ్మా. చెబితే ఇచ్చినట్టే కదండీ అంది." ఆయన వసారాకేసి చూశారు. "తుంచుకుపోయినవాళ్లు లేకపోలేదు. పాలావిడది గేదె తినేసింది. సాయిబుగారిది ఈ మధ్యే ఎండిపోయిందట, వచ్చి చెప్పి బాధపడ్డాడు. ఇక ఉన్నది ఇదొక్కటే. ఇది నీ చేతిలో పడాలని ఆవిడ కోరిక."

"నా చేతిలోనా? నేను పెట్టినవన్నీ చచ్చాయి కదండీ."

"అందుకేనట. ఎన్ని చచ్చినా మళ్లీ తెచ్చుకుంటుందండీ, ఆ పిల్ల వదలదు అనేది. ఒక్కటే దిగులు, మరీ మర్యాదస్తురాలండీ, ఎలాగండీ ఈ పిల్లతో, అనేది."

ఇన్నాళ్లూ నేను ఆవిడతో ఎలా వేగడం అనుకుంటుంటే, ఆవిడ గడప అవతల నిలబడి నాతో ఎలా వేగడం అనుకుంటున్నారన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. ఎదుట ఉంటే భుజాలు పట్టుకుని కుదిపి అడిగేదాన్ని.

బాబాయిగారు మెల్లగా లేచి ఆ కుండీ ముందు వంగారు. "ఆవిడే లేనప్పుడు ఇంకా పట్టింపేమిటి? నా దగ్గరుంటే నాలుగు రోజుల్లో ఇది కూడా పోతుంది. కుండీతో సహా తీసుకెళ్లమ్మా." రెండు చేతులతో ఎత్తి నాకు ఇవ్వబోయారు.

ఇన్నేళ్లు అడిగిన మొక్క. చేతులు చాచాను కూడా. నాకు ఇలాంటి నమ్మకాలేం లేవు. పిల్లి ఎదురొచ్చినా బండి ఎక్కేదాన్ని. అయినా ఆ గుప్పెడు ఆకుల్ని చూస్తే చేతులు వెనక్కి వచ్చేశాయి. ఇదీ పోతే ఆవిడ అమ్మగారి పెరట్లోది ఇక ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

"అక్కడే పెట్టండి బాబాయిగారూ" అన్నాను. "కాస్త కాఫీ ఇప్పిస్తారా?"

"కాఫీయా? నాకు పొయ్యి వెలిగించడమే సరిగా రాదు కదమ్మా..." అంటూ ఆగిపోయారు. కుండీకేసి చూశారు. కత్తెరకేసి చూశారు. నాకేసి చూశారు. కుండీని జాగ్రత్తగా దాని చోట్లోనే దించి, పిడి నా వైపు ఉండేలా కత్తెర సర్దారు.

"ఆలస్యం అవుతుందమ్మా" అన్నారు. "బాగా ఆలస్యం అవుతుంది."

లోపల గిన్నెలు మోగాయి. ఏదో పెద్ద పళ్లెం కింద పడి చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది. ఈ వయసులో, బొట్టూ కాటుకా పెట్టుకున్నదాన్ని, చావింట్లో దొంగతనం. ఆ ఒక్క కొమ్మనీ సగానికి కోసి, కుండీలో మిగిలింది మళ్లీ చిగురు వెయ్యడానికి కింద రెండు కణుపులు వదిలాను. పాలు కారి చీర మీద పడ్డాయి. తడిగుడ్డ లేదు. చేతిరుమాలు చెంబులో ముంచి మొదలుకి చుట్టి, క్యారేజీ సంచిలో అడుగున దాచాను.

గడప అవతల ఎవరో రెండుసార్లు గట్టిగా దగ్గారు.

బాబాయిగారు ఖాళీ చేతులతో బయటికి వచ్చారు. కాఫీ లేదు, మంచినీళ్లు కూడా లేవు. ముందు క్రోటన్‌ని పైనుంచి కిందిదాకా చూశారు. తెల్లగా పాలు ఊరుతున్న కోత దగ్గర చూపు ఆగింది. నా చేతులకేసి చూడలేదు, సంచికేసి అసలే చూడలేదు. గుమ్మంలోకి తిరిగి, గోడకున్న పిన్నిగారి ఫోటో వైపు, వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా కేకేశారు.

"ఏమోయ్, చూశావా! ఎవరో కొమ్మ తుంచుకుపోయారు!"